తగ్గి మళ్ళీ వచ్చిన జ్వరం

సోమవారం పొద్దున ఏడింటికి ఎవాంజెలిన్ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద ఉప్మాకు ఎసరు. ఎనిమిదింటికల్లా నెల్లూరులో తాను పనిచేసే కాన్పుల ఆసుపత్రిలో ఉండాలి. పదహారేళ్లుగా అక్కడ స్టాఫ్ నర్సు ఆమె. కొత్తగా చేరిన పిల్లలు మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వింటేనే ట్రేలు సర్దేసుకుంటారు. కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. ఆమె మాత్రం ఆ మాటను మెచ్చుకోలు కిందే జమ చేసుకుంటుంది.

ఫోను మోగింది. చేసింది తండ్రి. ఆయన పేరు సమాధానం. చిట్టమూరు దాటి సముద్రం వైపు పోతే వాళ్ళ ఊరు. పద్మనాభయ్య గారి రొయ్యల గుంటల దగ్గర మేత వేయించేదీ, నీళ్ళు పరీక్ష చేసేదీ, రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండేదీ ఇరవై రెండేళ్లుగా ఆయనే.

"పాపా, అమ్మకి మళ్ళా జొరం తగిలిందిమా."

"మళ్ళానా? శనివారం తగ్గిపోయిందన్నావు కదా."

"తగ్గింది. నిన్న చర్చికి కూడా వచ్చింది, పాటలు పాడింది. ఇంటికొచ్చినాక వొణుకు మొదులైంది. దగ్గితే గళ్ళ పడతా ఉండాది పాపా, ఇటికపొడి కలిపినట్టు."

ఎవాంజెలిన్ చేతిలో కత్తి అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. పాలు పొంగొస్తున్నాయి, కూతురు జడ కోసం రిబ్బను పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

"ఊరంతా ఫ్లూ ఉండాది నాన్నా. వైరల్ జ్వరం ఒకసారి తగ్గతాది, ఒకసారి పెరగతాది. పారాసిటమాల్ వెయ్యి, నీళ్ళు బాగా తాపించు."

"అది కాదు పాపా. వైరస్ తగిలిన గుంటలో రొయ్య రెండు రోజులు తేరుకున్నట్టే ఉంటాది. మేత కూడా తింటాది. ఆ తరవాత మళ్ళా గట్టు అంచుకొచ్చి ఒరిగిపోతాది. అప్పుడు పట్టింది మొదటి జబ్బు కాదు. అది సందు చూసుకుని వచ్చిన రెండోది. అమ్మని చూస్తా ఉంటే నాకు..."

"అమ్మ రొయ్య కాదు నాన్నా!" ఎవాంజెలిన్ గొంతు లేచింది. "నువ్వు గుంటల సంగతి చూసుకో, మనుషుల సంగతి నాకొదులు. ఆ ఆరెంపీ జయరామయ్య కాడికి తీసకపోయి సూది వేయించినావంటే మాత్రం బాగుండదు చెప్తా ఉండా. యాంటీబయాటిక్ అనే మాటే ఎత్తొద్దు. అర్థమైందా?"

"అర్థమైందిమా."

"సాయంత్రం నేనే చేస్తా."

ఆ సాయంత్రం వరసగా మూడు కాన్పులయ్యాయి. ఆమె ఫోను చెయ్యలేదు.

ఎవాంజెలిన్‌కు యాంటీబయాటిక్ వద్దనే మాట మీద అంత పట్టుదల ఎందుకంటే, దానికో కథ ఉంది. ఊళ్ళో ముక్కు కారితే యాంటీబయాటిక్, ఒళ్ళు నొప్పికి యాంటీబయాటిక్, పిల్లాడు అన్నం తినకపోయినా యాంటీబయాటిక్. వైరస్‌కు ఆ మందు పనిచెయ్యదని, అనవసరంగా మింగితే అవసరమైనప్పుడు పనికి రాకుండా పోతుందని చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పి పుట్టింది. చెబితే వినని వాళ్ళని తిట్టి వినిపించింది. అంతకు ముందు వారం, తల్లికి జ్వరం మొదలైన మంగళవారం నాడు కూడా అదే చెప్పింది. నాలుగు రోజులకు జ్వరం తగ్గింది కూడా. తన మాట నెగ్గిందని ఎవాంజెలిన్ లోలోపల సంతోషించింది. నిజం చెప్పాలంటే తల్లికి తగ్గినందుకు ఎంత సంతోషించిందో, తన మాట నెగ్గినందుకూ అంతే సంతోషించింది.

గురువారం మధ్యాహ్నం తమ్ముడు టైటస్ తల్లిని తన రొయ్యల బండిలో నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకొచ్చాడు. హార్బరు నుంచి ఐసు పెట్టెలు మోసే బండి అది. వెనక పరుపు వేసి, తండ్రి ఒళ్ళో తల పెట్టించి తెచ్చాడు. టైటస్ భార్య కరుణాకుమారి పక్కనే కూర్చుని విసురుతోంది. మగ్దలీనమ్మ పెదాలు నీలంగా ఉన్నాయి. ఒక్కో ఊపిరికీ మెడ నరాలు లేస్తున్నాయి. కూతుర్ని చూసి నవ్వబోయింది, దగ్గొచ్చింది.

"ఇంత దాకా ఏం చేస్తా ఉన్నారు మీరు!" అని ఆసుపత్రి గుమ్మంలోనే అరిచింది ఎవాంజెలిన్. తండ్రి తల వంచుకున్నాడు. టైటస్ పళ్ళు కొరుక్కుంటూ స్ట్రెచర్ తోశాడు.

ఛాతీ డాక్టరు నరేంద్రబాబు నిమ్మళంగా మాట్లాడే మనిషి. ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూశాడు. కుడి ఊపిరితిత్తి కింది సగం తెల్లగా నిండిపోయి ఉంది.

"ఫ్లూతో మొదలైంది. ఇప్పుడు దాని మీద న్యుమోనియా ఎక్కింది," అన్నాడు. "వైరస్ లోపలి పొరని ఒలిచేసి పోతుందమ్మా. తలుపులు లేని ఇల్లు లాగా అయిపోతుంది. అప్పుడు బ్యాక్టీరియా దర్జాగా లోపలికొస్తుంది. వైరస్‌కి ఒక మందు, దీనికి వేరే మందు, రెండూ మొదలు పెడతాను. ఇంతకుముందు ఏమన్నా యాంటీబయాటిక్స్ వాడారా?"

టైటస్ తండ్రి వైపు చూశాడు. తండ్రి కూతురి వైపు చూశాడు. ఆయన పెదాలు కదిలాయి కూడా.

"లేదు డాక్టర్ గారూ," అంది ఎవాంజెలిన్. "నేను నర్సుని. మా ఇంట్లో నన్నడక్కుండా ఎవరూ ఏ మాత్రా వేసుకోరు."

డాక్టరు రాసుకున్నాడు. సమాధానం పెదాలు మూతబడ్డాయి.

శుక్రవారం గడిచింది. జ్వరం నూట మూడు దగ్గరే ఉంది. శనివారం పొద్దున డాక్టరు ఎవాంజెలిన్‌ను పక్కకు పిలిచాడు. తల్లి పక్కన కరుణాకుమారి ఉంది. తండ్రీ తమ్ముడూ బట్టలు తెస్తామని తెల్లవారగానే ఊరికి వెళ్ళారు.

"రెండు రోజులు పూర్తిగా మందు ఎక్కించాం. ఏమీ కదల్లేదు. గళ్ళ పరీక్షలో చీము కణాలు బోలెడున్నాయి. గిన్నెలో పెంచి చూసే కల్చర్ పరీక్షలో మాత్రం ఒక్క క్రిమీ పెరగలేదు. ఏ క్రిమో తెలిస్తే సూటిగా కొట్టొచ్చు. ఇంకా బలమైన మందు ఉంది గాని, ఆమె కిడ్నీలు అంతంతమాత్రం. ఊరికే అనుమానంతో వెయ్యడానికి భయంగా ఉంది. సాయంత్రం దాకా చూద్దాం, ఊపిరి ఇంకా బరువైతే మిషను మీద పెట్టాల్సి వస్తుంది."

 ఆ వెంటనే ఎవాంజెలిన్‌కు ఒక సంగతి తట్టింది. అంత చీము ఉండి కల్చర్‌లో ఏమీ పెరగలేదంటే, పరీక్షకు ముందే ఎవరో యాంటీబయాటిక్ వేశారు. సగం చచ్చిన క్రిమి గిన్నెలో పెరగదు, ఒంట్లో మాత్రం బతికే ఉంటుంది. ఇది నర్సింగ్ రెండో ఏడాదిలో చెప్పే పాఠం.

భయం కోపంగా మారడానికి ఆమెకు అర నిమిషం కూడా పట్టలేదు. స్కూటీ తీసింది. మనుబోలు ఎప్పుడు దాటిందో, గూడూరు ఎప్పుడొచ్చిందో ఆమెకు తెలీదు. దారి పొడుగునా జయరామయ్యను తిట్టుకుంటూనే పోయింది.

ఊరి మొదట్లోనే జయరామయ్య కొట్టు. బల్ల మీద సూదులు, గోడకు క్యాలెండరు, బయట బెంచీ మీద నలుగురు. ఎవాంజెలిన్ బండి స్టాండు కూడా వెయ్యకుండా గోడకు ఆనించి లోపలికి దూసుకెళ్ళింది.

"మా అమ్మకి ఏం సూది వేసినావు?"

జయరామయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నేనా? దేవుడి తోడు తల్లీ, ముట్టుకోనన్నా ముట్టుకోలేదు. మంగళవారం మీ నాయన వచ్చినాడు. మీ పాప చెప్పందే నేను చెయ్యి పెట్టను సామీ, నెల్లూరికి తీసకపో అని చెప్పి పంపించినా. నువ్వు పోయినసారి ఈడ నిలబడి తిట్టిన తిట్లు నేనింకా మర్చిపోలా."

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవాంజెలిన్ వెనక్కి చూసిన చూపుకు ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఇంటి ముందు టైటస్ బండి కడుగుతున్నాడు. తండ్రి గడప మీద కూర్చుని తల్లి బట్టలు సంచిలో సర్దుతున్నాడు. ఎవాంజెలిన్ నేరుగా లోపలికి వెళ్ళింది. బైబిలు పెట్టే బల్ల కింద ఒకప్పుడు ఒక బిస్కెట్ల డబ్బా ఉండేదని ఆమెకు గుర్తుంది, అది అక్కడే ఉంది. మూత లాగింది.

డబ్బా నిండా మందులు. కత్తెరతో కత్తిరించిన ముక్కలు. రెండు మాత్రలున్నవి, ఒకటే మాత్ర ఉన్నది, సగం విరిచి కాగితంలో చుట్టింది. పేరున్న వైపు కొన్నింటికి తెగిపోయింది. గురువారం చర్చి స్త్రీల ప్రార్థన కూడికకు వచ్చే ఆడవాళ్ళందరూ ఇంట్లో మిగిలిన మాత్రలు తెచ్చి మగ్దలీనమ్మకు ఇస్తారు. ఎవరికన్నా దగ్గో జ్వరమో వస్తే ప్రార్థన చేయించుకుని ఈ డబ్బాలోంచి రెండు మాత్రలు పట్టుకుపోతారు. నర్సమ్మ వాళ్ళమ్మ ఇస్తే మంచి మందే అయ్యుంటుందని వాళ్ళ నమ్మకం.

ఎవాంజెలిన్ డబ్బా తెచ్చి తండ్రి ముందు గుమ్మరించింది. మాత్రలు వసారా అంతా దొర్లాయి.

"దీంట్లోవేనా? ఇవేనా అమ్మ నోట్లో వేసింది?"

సమాధానం వంగి, కాలి దగ్గరికి దొర్లిన మాత్రను ఏరాడు.

"చెప్పు నాన్నా! సోమవారం పొద్దున నీకేం చెప్పినా నేను? గుంటలో గుప్పెడు యాంటీబయాటిక్ పడినా రొయ్యల లాటు మొత్తం కొనేవాళ్ళు వెనక్కి కొట్టేస్తారని ఒక్క ప్యాకెట్టు లోపలికి రానియ్యవే! పనోడు దగ్గు మాత్ర జేబులో పెట్టుకుని గట్టు ఎక్కినాడని పనిలో నించి తీసేసినావే! రొయ్యకున్న పాటి విలువ మా అమ్మకు లేదా?"

"అక్కా, నాన్నని అట్టా మాట్లాడొద్దు," అని టైటస్ పైపు కింద పడేశాడు.

"నువ్వు నోరు మూసుకో! మీరిద్దరూ కలిసే చేసినారు. డాక్టరు అడిగినప్పుడు గుడ్లప్పగించి నిలబడినారు. అప్పుడు నోరు పడిపోయిందా?"

టైటస్ తడి చేతులతోనే వసారాలోకి వచ్చాడు. మామూలుగా అక్క ముందు గొంతు ఎత్తని మనిషి. ఆ రోజు ఎత్తాడు.

"డాక్టరు అడిగింది నిన్నొక్కదాన్నే కాదు, అందర్నీ. నాన్న నోరు తెరిచినాడు, నేను చూసినా. ఆయనకంటే ముందు నువ్వు తెరిచినావు. మా ఇంట్లో నన్నడక్కుండా ఎవురూ ఏదీ వేసుకోరని చెప్పేసినావు. డాక్టరు ముందర నిన్ను అబద్ధాలకోరుని చెయ్యమంటావా? ఆ తరవాత నువ్వు మమ్మల్ని చంపేస్తావని భయం. అవునక్కా, భయమే! ఈ ఇంట్లో నువ్వంటే అందరికీ భయం. అమ్మకి కూడా."

"నా మంచి కోసం అరిచినానా నేను? మీ కోసమే కదరా!"

"మా కోసమే. కాదన్లేదు. కానీ ఈ డబ్బా ఎవురు తెచ్చిపెట్టినారో గుర్తుందా? ట్రైనింగులో ఉన్నప్పుడు నువ్వు తెచ్చినావు. అమ్మా, ఊళ్ళో ఎవురికన్నా అవసరం పడితే వాడమని చెప్పి జ్వరం మాత్రలు, విరేచనాల పొడి పెట్టిచ్చినావు. అప్పటి నించే అమ్మ నర్సమ్మ వాళ్ళమ్మ అయింది. అమ్మకి దీని మీద ఎంత గొప్పో నీకేం తెలుసు? నువ్వు వచ్చినప్పుడల్లా దీన్ని మంచం కింద దాస్తాది. నువ్వు తిడతావని."

ఎవాంజెలిన్ నోటికి ఏదో వచ్చింది. రావడం రావడం చాలా చెడ్డ మాటే వచ్చింది.

"అమ్మకి ఏమన్నా అయితే మీ ఇద్దరి మొహాలు ఈ జన్మలో చూడను."

సమాధానం నెమ్మదిగా లేచాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. చెప్పులేసుకుని గుంటల వైపు వెళ్ళిపోయాడు.

"పో! ఎప్పుడూ అంతే! మాట పడితే గుంట గట్టు మీదకు పారిపోతావు!" అని వెనక నుంచి అరిచింది ఎవాంజెలిన్. అరిచి, వసారాలో కూలబడి, దొర్లిన మాత్రలు ఏరడం మొదలు పెట్టింది. ఏ మాత్రలు వేశారో, ఎన్ని వేశారో తెలిస్తే డాక్టరుకు దారి దొరుకుతుంది. ఈ ముక్కల్లో ఏం తెలుస్తుంది? ఎన్ని ఖర్చయ్యాయో ఎవరికి తెలుసు?

ఏరుతుంటే ఒక ముక్క చేతికి తగిలింది. దాని మీద నీలం పెన్నుతో ఆమె సొంత రాతే ఉంది. 'పొద్దున 1, రాత్రి 1'. పోయిన ఏడు తల్లికి మూత్రంలో మంట వస్తే తానే కొని, తానే రాసిచ్చిన మాత్రలు. ఏడు రోజులు వాడమంది. తల్లి మూడు రోజులు వాడి, మంట తగ్గగానే మిగిలినవి ఎవరికో పనికొస్తాయని దాచింది. తన ఒంటికి కావాల్సినవి కూడా ఊరికోసం మిగిల్చే రకం మగ్దలీనమ్మ. అట్ట ఖాళీగా ఉంది. అందులోని మాత్రలు ఇప్పుడెక్కడికి పోయాయో ఎవాంజెలిన్‌కు అర్థమైంది.

పావుగంటకు సమాధానం తిరిగొచ్చాడు. వగరుస్తున్నాడు, అరవై ఆరేళ్ళ మనిషి గట్టు మీద పరిగెత్తినట్టున్నాడు. చేతిలో అట్ట చినిగిన పొడుగాటి పుస్తకం. గుంటల దగ్గర షెడ్డులో మేకుకు వేలాడే పుస్తకం అది. ఏ గుంటలో ఏ పూట ఎంత మేత వేసిందీ, నీళ్ళెలా ఉన్నదీ, ఏ మందు చల్లిందీ అందులో రాయాలి. చల్లిన ప్రతి ప్యాకెట్టు మీది ముక్కా కత్తిరించి పక్కన అంటించాలి. రొయ్యలు కొనడానికి వచ్చేవాళ్ళు ముందు అడిగేది ఆ పుస్తకమే.

ఆయన చివరి పేజీలు తెరిచి కూతురి ఒళ్ళో పెట్టాడు.

"నాకు ఇంగ్లీషు చదవను రాదు గదా పాపా. అందుకని అంటించినా. నువ్వు ఎప్పుడన్నా అడుగుతావని."

పేజీ పైన పెద్ద అక్షరాలతో గుంట నంబరు రాసే చోట 'మగ్దలీన' అని ఉంది.

ఎవాంజెలిన్ చదివింది. వంకర టింకర అక్షరాలు, తేదీలు మాత్రం ఒక్కటీ తప్పలేదు.

'మంగళ. జొరం. ఒళ్ళునొప్పులు. పాప చెప్పిన మాత్ర.'

'శని. జొరం లేదు. చేపల పులుసు చేసింది. రెండు ముద్దలు తినింది.'

'ఆది. చర్చి. సాయంత్రం వొణుకు.'

'సోమ. పొద్దున 7. గళ్ళ ఎర్రగా. పాపకు ఫోను చేసినా. వైరల్ అనింది. ఆగమనింది.'

'సోమ. సాయంత్రం. పాప ఫోను కోసం చూసినా. 9 దాకా.'

'మంగళ. పొద్దున. ఊపిరి ఎక్కువ. జయరామయ్య నెల్లూరు పొమ్మన్నాడు. మగ్దలీన రానంటది, పాప ఆగమంది గదా అంటది. పాప తెచ్చిన మాత్ర డబ్బాలో ఉండాది. పాప తెచ్చిందే గదా, మంచిదే. 1 వేసినా.'

దాని పక్కన వెండి అట్ట ముక్క, టేపు కింద తలకిందులుగా. సెఫిక్సిమ్. మంగళవారం రెండు, బుధవారం రెండు, గురువారం పొద్దున ఒకటి. ఇంకో ముక్క, ఎవరో కూడికలో ఇచ్చినది, అజిత్రోమైసిన్. బుధవారం ఒకటి, గురువారం ఒకటి. ప్రతి దాని పక్కనా టైము, జ్వరం ఎంతుందో, ఏం తిన్నదో.

సోమవారం నాటి ఆ వరసనే ఆమె మళ్ళీ మళ్ళీ చదివింది. ఆ పుస్తకంలో ఎక్కడా ఆమె మీద ఒక్క నింద లేదు. వాన పడింది, గాలి తిరిగింది అని రాసినట్టే, పాప ఆగమనింది అని రాశాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

ఏడవడానికి టైము లేదు. ఫోను తీసి పేజీలు ఫొటో కొట్టి డాక్టరుకు పంపింది. రెండు నిమిషాల్లో ఆయనే చేశాడు.

"ఇవి ఎవరు రాశారమ్మా?"

"మా నాన్న. డాక్టర్ గారూ, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. తెలీక చెప్పాను. అడక్కుండా చెప్పాను."

"అది తర్వాత. నేను ఎక్కిస్తున్న మందులూ ఈ రెండు రకాల కుటుంబమే. నాలుగు రోజుల నుంచీ వీటికే లొంగడం లేదంటే ఇది వేరే రకం అయ్యుండొచ్చు. ఫ్లూ వెనకాల వచ్చే మొండి క్రిమి ఒకటుంది. ఖచ్చితంగా అదేనని చెప్పలేను గాని, ఇప్పుడు ధైర్యం చేస్తాను. కిడ్నీలు రోజూ చూసుకుంటూ మందు మారుస్తున్నాను. మీరు త్వరగా రండి."

ముగ్గురూ టైటస్ బండిలోనే బయల్దేరారు. సమాధానం మధ్యలో కూర్చున్నాడు, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని.  గూడూరు దాటాక టైటస్ అన్నాడు, "గట్టిగా మాట్లాడినానక్కా. ఏమనుకోవద్దు."

"నువ్వు పదేళ్ళ ముందే మాట్లాడాల్సింది రా," అంది ఎవాంజెలిన్, కిటికీ వైపు మొహం తిప్పుకుని.

ఆ సాయంత్రం మగ్దలీనమ్మకు ఊపిరి మిషను పెట్టలేదు. అలాగని తేరుకున్నదీ లేదు. ఆదివారం జ్వరం నూట రెండు. సోమవారం నూట ఒకటి. ఆ రెండు రోజులూ ఎవాంజెలిన్ సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చుంది. మంగళవారం పొద్దున తల్లి నుదుటి మీద చెయ్యి పెడితే చల్లగా, చెమటగా తగిలింది. ఎవాంజెలిన్ నమ్మలేదు. థర్మామీటరు పెట్టింది. అదీ నమ్మకుండా ఇంకోటి తెప్పించి పెట్టింది.

రౌండ్సుకు వచ్చిన డాక్టరును ఆమె అడిగింది. మూడు రోజులుగా నోట్లోనే నానుతున్న ప్రశ్న.

"నేను యాంటీబయాటిక్ వద్దనడం వల్లేనా?"

నరేంద్రబాబు కేసు షీటు మూశాడు. "మొదటి నాలుగు రోజులు వద్దన్నారు. సరిగ్గా చెప్పారు. అప్పుడు వేసినా ఉపయోగం లేదు. జ్వరం తగ్గి మళ్ళీ వచ్చిందే, ఆ రోజు నుంచి అది వేరే జబ్బు. ఆ రోజు మనిషిని చూడకుండా చెప్పకూడదు. అంతే." షీటు పక్కనున్న నర్సుకిస్తూ అన్నాడు, "మీ నాన్నగారు కనిపెట్టారు కదా, ఆయన్ని అడిగితే నాకంటే బాగా చెబుతారు."

డాక్టరు వెళ్ళాక మగ్దలీనమ్మ కళ్ళు తెరిచింది. గొంతు గాలి లాగా ఉంది.

"నాన్నని... తిట్టినావా?"

"తిట్టినా."

"డబ్బా చూసినావా?"

"చూసినా అమ్మా."

ఆమె కళ్ళు భయంగా కూతురి మొహం వెతికాయి. అరవై ఏళ్ళ తల్లి కన్నకూతుర్ని చూసి బెదురుతోంది. ఆ బెదురు చూశాక ఎవాంజెలిన్ ఇక ఆపుకోలేకపోయింది. తల్లి చేతి మీద మొహం ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

"దాన్ని పారెయ్యనుమా. నువ్వు ఇంటికొచ్చినాక ఇద్దరం కూర్చుని ఏరుదాం. జ్వరం మాత్రలు, విరేచనాల పొడి ఉంచుదాం, మిగతావి తీసేద్దాం. కూడికలో నువ్వే చెప్పు అందరికీ, తెచ్చిన మందు పూర్తిగా మింగాలని. నేను చెప్తే భయపడతారు. నువ్వు చెప్తే వింటారు."

"నేనే... పూర్తిగా మింగలేదు గదే," అంది మగ్దలీనమ్మ. కష్టం మీద నవ్వింది. ఈసారి దగ్గు రాలేదు.

వరండాలో సమాధానం బెంచీ మీద కూర్చుని పుస్తకం తెరిచి పెట్టుకుని ఉన్నాడు. 'మంగళ. జొరం లేదు' అని రాస్తున్నాడు. ఎవాంజెలిన్ వచ్చి పక్కన కూర్చుంది. ఆయన చేతిలో పెన్ను తీసుకుని పేజీ వెనక్కి తిప్పి, 'పాప ఆగమనింది' అన్న మాట పక్కన 'పాపదే తప్పు' అని రాసింది.

సమాధానం కళ్ళజోడు సర్దుకుని చదివాడు. పెన్ను వెనక్కి తీసుకుని ఆ రెండు మాటలూ శుభ్రంగా కొట్టేశాడు.

"ఇట్టాంటివి రాయకూడదుమా దీంట్లో. కొనేవాళ్ళు చూస్తారు," అన్నాడు.

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. కూతురి తల తన భుజానికి ఆనించుకుని, ఇంకో చేత్తో పుస్తకం మూశాడు.

తల్లి ఇంటికి చేరిన మూడో రోజు పొద్దున ఏడింటికి ఎవాంజెలిన్ వంటింట్లో ఫోను మోగింది.

"పాపా, అమ్మ బాగుండాది. రెండు ఇడ్లీలు తినింది. కానీ ఒక్క సంగతి. నువ్వు తొందరలో ఉన్నావేమో... సాయంత్రం చెప్తాలే."

పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. ఎవాంజెలిన్ పొయ్యి కట్టేసింది. కత్తి పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడే చెప్పు నాన్నా. ఏం చూసినావు?"